నీ గుంత అడుగున ఒక రేవు

విశాఖపట్నం

చిరంజీవి అమ్మడికి,

  వానలు పడేసరికి మీ అత్తయ్యకు మోకాళ్ళ నొప్పులు తిరగబెట్టాయి, అంతకుమించి కొత్త సంగతులేం లేవు.

మొన్న ఆదివారం ఫోన్‌లో నీ మాటలు విన్నప్పటి నుంచి మనసు అక్కడే ఉంది. ఇలాంటి సంగతులు ఫోన్‌లో కుదరవు. తీరిగ్గా చదువుకుంటావు, నచ్చకపోతే రెండోసారి చదువుతావు అని కాగితం మీద పెడుతున్నాను.

నువ్వన్న మాట ఇదీ: "మా గుంత దగ్గర రోజంతా పురావస్తువాళ్ళ మనిషి ఒకాయన నిలబడి చూస్తుంటాడు మావయ్యా. పొక్లెయిన్ బకెట్‌కి చెక్క ముక్క తగిలితే చాలు, చెయ్యెత్తి పని ఆపేస్తాడు. ఆయన బురదలో మోకాళ్ళ మీద కూచుని బ్రష్షుతో దులుపుతుంటే ఇంతమందిమీ చేతులు కట్టుకు నిలబడాలి. పాత చెక్క కోసం ఇంత రాద్ధాంతమా?"

నీ కష్టం నాకు తెలీనిది కాదు. మొదటి సైటు. రోజు ఆలస్యమైతే జవాబు చెప్పుకోవాల్సింది నువ్వు. పైవాళ్ళు నీ మీద అరుస్తారు, నువ్వు ఎవరి మీద అరవాలో తెలీక నాకు ఫోన్ చేశావు. మంచి పనే చేశావు. కానీ ఆ "పాత చెక్క" అన్న మాట మాత్రం నాకు ముల్లులా గుచ్చుకుంది. ముప్ఫై మూడేళ్ళు మట్టి పరీక్షలు చేసి రిటైరైన వాణ్ణి. అదే మాట నీ వయసులో నేనూ అన్నాను. దాని సంగతి చివర్లో చెబుతాను.

ముందు నువ్వు తవ్వుతున్న ఊరు, శాన్‌ఫ్రాన్సిస్కో గురించి. బ్యాటరీ వీధికి దగ్గర్లో అన్నావు కదా సైటు. మీ ఊళ్ళో నేను రెండు నెలలున్నప్పుడు ఆ వీధులన్నీ కాళ్ళరిగేలా తిరిగాను. అక్కడ నేల చదునుగా, గట్టిగా, బ్యాంకుల బరువంతా మోస్తూ కనిపిస్తుంది. అదంతా సముద్రం, అమ్మడూ. ఇప్పుడు సూట్లు వేసుకున్నవాళ్ళు నడిచే మాంట్‌గోమరీ వీధి 1848లో నీటి ఒడ్డు. అక్కణ్ణుంచి ఎంబార్కడేరో దాకా, ఆరేడు వీధుల మేర, యెర్బా బ్వేనా అనే చిన్న కయ్య. ఉత్తరాన టెలిగ్రాఫ్ కొండ, దక్షిణాన రింకన్ పాయింట్, మధ్యలో లోతు లేని నీళ్ళు. పోటులో పడవ తేలేది, పాటులో బురద బయటపడేది. నీ గుంత ఉన్నది ఆ కయ్య నడిబొడ్డున.

1848 జనవరిలో కొలోమా దగ్గర సట్టర్ రంపపు మిల్లు కాలవలో జేమ్స్ మార్షల్‌కి బంగారం కనబడింది. అప్పటికి ఆ ఊళ్ళో ఉన్నది వెయ్యి మంది లోపు. 1849 ముగిసేసరికి పాతిక వేలకు చేరారు. అమెరికా తూర్పు తీరం నుంచి, చిలీ నుంచి, పెరూ నుంచి, చైనా నుంచి, ఆస్ట్రేలియా నుంచి ఓడలు వచ్చి పడ్డాయి. లంగరు వెయ్యగానే ప్రయాణికులు గనులకు పరుగు. వాళ్ళ వెనకే ఓడవాళ్ళు. చాలా చోట్ల కెప్టెన్లు కూడా. తిరిగి తీసుకెళ్ళడానికి కాలిఫోర్నియాలో సరుకు లేదు, నడపడానికి మనుషులు లేరు. అలా వందల ఓడలు ఆ కయ్యలో నిలిచిపోయాయి. 1850ల మొదటి ఏళ్ళలో తీసిన డాగరోటైపు ఫొటోలు దొరుకుతాయి, వెతికి చూడు. కొండ మీద నుంచి చూస్తే ఊరి ముందు ఆకులు రాలిన సరుగుడు తోటలా ఉంటుంది. అవన్నీ తెరచాప కొయ్యలు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగు. "ఓడ మునిగింది" అనగానే మనకు తుపాను గుర్తొస్తుంది, మన కోరంగి గుర్తొస్తుంది. 1789లోనూ 1839లోనూ ఉప్పెన వచ్చి ఆ రేవుని, అందులోని ఓడల్ని ఊడ్చుకుపోయింది. శాన్‌ఫ్రాన్సిస్కో ఓడల కథ అలాంటిది కాదు. వాటిలో చాలావాటిని మనుషులే, తెలిసి తెలిసి, పూడ్చారు. అందుకే నాకు ఆ కథ మీద అంత ఆసక్తి. తుపానుది ఒక్క రాత్రి పని. ఇది నాలుగైదేళ్ళ పాటు రోజూ కొంచెం కొంచెంగా జరిగిన పని. దాని జాడ పొర మీద పొరగా నీ గుంత గోడలో ఉంటుంది.

ఎలా జరిగిందో చెబుతాను. ఊళ్ళో కలప లేదు, వడ్రంగి కూలి ఆకాశంలో ఉంది, సరుకు దాచడానికి గోదాము లేదు. ఎదురుగా నీళ్ళలో యజమాని వదిలేసిన కట్టుదిట్టమైన చెక్క పెట్టెలు తేలుతున్నాయి. పోటు సమయంలో ఓడని బురద మీదికి లాగి, చుట్టూ గుంజలు పాతి నిలబెట్టారు. పక్కన తలుపు కోసి, పైన కప్పు వేసి, గోదాము అన్నారు. యుఫీమియా అనే ఓడని ఊరి పెద్దలు కొని జైలు చేశారు, ఆ ఊరికి అదే మొదటి జైలు. ఆర్కాన్సా సారా కొట్టయింది, పసిఫిక్ వీధిలో ఆ చోట ఈనాటికీ సారా కొట్టుంది. అపోలోలోనూ గోదాము, సారా కొట్టూ. వాటి మధ్య నీళ్ళ మీద చెక్క వంతెనలు వేసి వాటినే వీధులన్నారు. లాంగ్ వార్ఫ్ అనే రేవు వంతెన ఒక్కటే రెండు వేల అడుగుల దాకా సముద్రంలోకి సాగింది. ఇవాళ అక్కడ కమర్షియల్ వీధి. నువ్వు మధ్యాహ్నం భోజనానికి నడిచే దారి ఒకప్పటి వంతెన అన్నమాట.

దీనికంతటికీ వెనక భూమి ఆశ ఉంది. 1847 మార్చిలో సైనిక గవర్నరు జనరల్ కియర్నీ ఆ కయ్యలోని నీటి అడుగు నేలని ముక్కలు చేసి అమ్ముకునే హక్కు ఊరికిచ్చాడు. నీళ్ళ ప్లాట్లు! కొన్నవాడు అది తన స్వాధీనంలో ఉందని చూపించుకోవాలి. గుంజలు పాతొచ్చు, ఇసుక పొయ్యొచ్చు. వీటన్నిటికన్నా చవకైన దారి, తన ప్లాటు మీదికి ఒక పాత ఓడని లాక్కొచ్చి అడుగున కన్నం పెట్టడం. అది కూచుండిపోతే ఆ నేల తనది. ఫ్రెడ్ లాసన్ అనే కెప్టెన్ ఇలా ఓడలు ముంచిపెట్టడంలో చెయ్యి తిరిగినవాడు. చుట్టూ ఉన్న ఇసుక దిబ్బలను స్టీమ్ ప్యాడీ అనే ఆవిరి యంత్రంతో చెక్కి, బళ్ళకెత్తి తెచ్చి పోశారు. చెత్తా పోశారు. వద్దన్నా వచ్చి పడ్డ సరుకులు, అమ్ముడుపోని పొగాకు పెట్టెలు, ఇనుప వంట పొయ్యిలు కూడా బురద వీధుల్లో పరిచి వాటి మీద నడిచారు. అందుకే నీ బోర్ లాగ్‌లో "ఫిల్లింగ్" అని ఒక్క మాటతో సరిపెట్టొద్దని నా మొర. అది ఒక్క మట్టి కాదు.

పైగా నిప్పు. 1849 డిసెంబరుకీ 1851 జూన్‌కీ మధ్య ఊరు ఆరుసార్లు తగలబడింది. 1851 మే నెల మొదటి వారంలో వచ్చిన మంట అన్నిటికన్నా పెద్దది. చెక్క వంతెనల మీదుగా నీళ్ళ మీదికీ పాకి, గట్టున ఇరుక్కుపోయిన ఓడలను అంటుకుంది. కదిలే దారి లేదు వాటికి. పైభాగం కాలి, కప్పు కూలి, సరుకు మండి అడుక్కి జారింది. నీటి మట్టానికి పైనున్నదంతా బూడిదైంది. కిందున్న పొట్ట బురదలో తడిగా మిగిలింది. ఆ బూడిద చల్లారక ముందే ఊరు మళ్ళీ లేచింది, ఆ ఓడల మీదే.

నయాంటిక్ సంగతి మాత్రం కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే నీకిది సొంత కథ అవుతుంది. 1832లో కనెటికట్‌లో కట్టిన ఓడ. మొదట చైనా సరుకు మోసింది, తర్వాత తిమింగలాల వేటకు వెళ్ళింది. బంగారం వార్త విని వేట మానేసి పనామా వెళ్ళి, దాదాపు 250 మంది ప్రయాణికులను ఎక్కించుకుని 1849 జూలై 5న మీ ఊళ్ళో దిగింది. ఓడవాళ్ళు పారిపోయారు. దాన్ని క్లే, శాన్సమ్ వీధుల మూలకి లాగి గోదాము చేశారు. 1851 మే మంటలో కాలింది. మిగిలిన పొట్ట మీద నయాంటిక్ హోటల్ లేచింది. 1872లో ఆ హోటల్ పడగొట్టి పునాది తవ్వితే కింద ఓడ, ఓడలో షాంపేన్ సీసాలు. చూసి ముచ్చటపడి, మళ్ళీ దాని మీదే కట్టారు. 1906 భూకంపం తర్వాత ఇంకో భవనం. ఓడ అక్కడే ఉంది. 1978లో మళ్ళీ తవ్వకం. ఈసారి యంత్రాలతో. బకెట్‌కి చెక్క తగిలింది.

అప్పుడా యంత్రం పక్కన చెయ్యెత్తే మనిషి లేడు. తర్వాత వచ్చినవాళ్ళకు దొరికిన వ్యవధి కొద్ది రోజులే. పని ఆగితే రోజుకి ఎంత నష్టమో లెక్క చెప్పేవాళ్ళు పక్కనే ఉంటారు, నీకు తెలుసు కదా. వెనక భాగంలోంచి ఒక ముక్క కాపాడారు. అది సముద్ర మ్యూజియంలో ఉంది, వెళ్ళి చూడు. నేను చూశాను. తారు పట్టిన నల్లటి దుంగలు, నా భుజమంత మందం. ఆ ముక్క ముందు ఎంతసేపు నిలబడ్డానో నాకు గుర్తు లేదు. మిగతా ఓడ ఏమైందని అడగడానికి నోరు రాలేదు.

నయాంటిక్ తర్వాత ఇరవై మూడేళ్ళకి, 2001లో, నీ సైటుకి నాలుగడుగుల దూరంలో, క్లే, బ్యాటరీ వీధుల మూల మీద జనరల్ హ్యారిసన్ బయటపడింది. 1840లో మసాచుసెట్స్‌లోని న్యూబరీపోర్ట్‌లో కట్టిన ఓడ, 1850లో గోదామైంది, అదే మంటలో కాలింది. ఈసారి పురావస్తువాళ్ళు ముందుగానే పక్కనున్నారు. అలెన్ పాస్ట్రన్ బృందం, జేమ్స్ డెల్గాడో కలిసి దాన్ని చదివారు. చదివారు అనే అంటాను, తవ్వారు అనను. మేకులు, ఇటలీ గాజు పూసలు, కాలిన ధాన్యం, ఎర్ర ద్రాక్షసారా సీసాలు. ఆ రాత్రి గోదాములో ఏ సరుకు ఎక్కడ పడుందో, ఏది ఏ వేడికి ఎలా మాడిందో తెలుసుకోగలిగారు. చదవడం అయ్యాక ఓడని మట్టితో కప్పి, దాని మీద హోటల్ కట్టుకున్నారు. భవనం ఆగలేదు అమ్మడూ. కాస్త ఆలస్యమైంది. ఈనాడు ఆ హోటల్లో పడుకున్నవాళ్ళెవరికీ ఆ ఆలస్యం గుర్తు కూడా లేదు.

డెల్గాడో 2009లో గోల్డ్ రష్ పోర్ట్ అని పుస్తకం రాశాడు. కొనుక్కో. డబ్బులు నేను పంపిస్తాను.

ఇప్పుడు నీ రైలు గురించి. నువ్వు రోజూ ఎన్ జూడా రైలెక్కుతావు కదా. ఎంబార్కడేరో స్టేషన్ దాటాక ఫోల్సమ్ వైపు తిరిగే సొరంగం ఉంటుంది. 1994లో అది తవ్వుతున్నప్పుడు అడ్డం వచ్చింది రోమ్ అనే మూడు కొయ్యల ఓడ. లాసన్ ముంచిన వాటిలో ఒకటి. పైకి తీసేటంత చిన్నది కాదు, చుట్టూ తిప్పి పోయేంత చోటు లేదు. సొరంగం ఓడని చీల్చుకునే పోయింది. అంటే నువ్వు రోజుకి రెండుసార్లు ఓ ఓడ కడుపులోంచి ఆఫీసుకి వెళ్ళొస్తున్నావు. నేనా రైల్లో మొదటిసారి వెళ్ళినప్పుడు పక్కసీటు కుర్రాడు చెవుల్లో పాటలు పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. నాకు మాత్రం ఊపిరి బిగపట్టుకున్నట్టయింది. రేపు నువ్వు ఒక్కసారి చెవుల్లోవి తీసి, ఆ మలుపు దగ్గర కిటికీ వైపు చూడు. చీకటి తప్ప ఏమీ కనపడదు. ఫర్వాలేదు, చూడు.

అసలు చెక్క అన్నేళ్ళు ఎలా ఉంటుందని నీ ఇంజనీరు బుర్ర అడుగుతుంది. మన మట్టి శాస్త్రమే జవాబు. సముద్రంలో చెక్కని తొలిచే పురుగుకి ఉప్పునీళ్ళూ కావాలి, గాలీ కావాలి. చెక్కని కుళ్ళబెట్టే బూజుకీ గాలి కావాలి. బే మడ్ అనే ఆ మెత్తటి నల్ల బురదలో గాలి ఆడదు. పైన ఇసుక కప్పడంతో నీటి మట్టం కింద చెక్క ఏనాడూ ఆరలేదు. ఆరని చెక్క చావదు. దాన్ని పైకి తీసి ఎండలో పెట్టావో, వారంలో పగిలి పొడైపోతుంది. అందుకే మీ గుంత దగ్గర ఆయన చెయ్యెత్తేది, అందుకే నీళ్ళు చల్లి తడిగుడ్డ కప్పేది. ఆయన చాదస్తం అనుకున్నావు నువ్వు. చెక్క ఊపిరి లెక్కపెట్టుకుంటున్నాడాయన.

ఇంకో మాట, నీ ఉద్యోగానికి నేరుగా పనికొచ్చేది. నీ గుంత కిందికి దిగుతూ పొరలు చెప్పు: పైన పోసిన మట్టి, దాని కింద బే మడ్, దాని కింద కోల్మా ఇసుక, దాని కింద పాత బే క్లే అనే బంకమన్ను, ఆ కింద ఫ్రాన్సిస్కన్ రాయి. ఇందులో మనుషులు రాసినది పై పొర ఒక్కటే, అన్నిటికన్నా నమ్మకూడనిదీ అదే. 1906లో భూమి కదిలినప్పుడు పాత కయ్య మీద పోసిన నేల అలలా లేచి కుంగింది. 1989 లోమా ప్రియేటా భూకంపంలో మెరీనా పేటలో పోసిన నేల నీళ్ళలా మారి ఇళ్ళు ఒరిగాయి. అక్కడ నేల చీలికల్లోంచి పైకి ఎగదన్నిన ఇసుకతో పాటు కాలిన చెక్క ముక్కలూ వచ్చాయి. పూడ్చినవాళ్ళు మర్చిపోయినా నేల మర్చిపోలేదు. మిషన్ వీధిలో 58 అంతస్తుల మిలీనియం టవర్ చూశావు కదా. 2009లో పూర్తయింది. అప్పుడు వేసిన పైళ్ళు రాతి దాకా పోలేదు, కోల్మా ఇసుకలోనే ఆగాయి. ఆ కిందున్న పాత బంకమన్ను నలిగి, 2016 నాటికి 16 అంగుళాలు కుంగి, ఒక పక్కకి వాలింది. దాన్ని కట్టినవాళ్ళకి చదువు తక్కువని నేననను. కిందున్నది ఏమిటో తెలిసి కూడా, దాని గుణాన్ని తక్కువ అంచనా వెయ్యడం మనందరికీ వచ్చే జబ్బు.

కాబట్టి పాత పటాలు చూడటం పురావస్తు ఆయన ఒక్కడి పని అనుకోకు. అమెరికా కోస్ట్ సర్వేవాళ్ళు 1853లో గీసిన మీ ఊరి పటం ఉంది. దాన్ని నీ సైటు ప్లాను మీద పెట్టు. ఎక్కడ గుంజల వంతెన ఉండేదో, ఎక్కడ ఓడ ఉండొచ్చో, ఎక్కడ వట్టి నీళ్ళో తెలుస్తుంది. పైల్ దింపేటప్పుడు అర్థంకాని చోట ఆగిపోతే, అది పెద్ద బండరాయి అనుకునే ముందు ఆ పటం తియ్యి. నీ బోర్ హోల్ కొద్ది అంగుళాల కన్నం. ఆ పటం ఊరంత కన్నం.

మనుషుల సంగతి కూడా చెప్పాలి. రింకన్ పాయింట్ దగ్గర 1850లలో చార్లెస్ హేర్ అనే అతను ఓడలు విరిచే దొడ్డి నడిపాడు. అక్కడ రాగిరేకు, ఇత్తడి, ఇనుము, కలప ఊడదీసింది చైనా నుంచి వచ్చిన కూలీలు. 2005లో స్పియర్ వీధిలో ఇళ్ళకోసం తవ్వుతుంటే క్యాండేస్ అనే ఓడ అడుగుభాగం బయటపడింది. 1818లో బోస్టన్‌లో కట్టింది, తిమింగలాల వేటలో ముసలిదై కారుతూ వచ్చి ఆ దొడ్డికి చేరింది. సగం విరిచి వదిలేసినట్టే ఉందట. యజమాని పేరు మిగిలింది, ఓడ పేరు మిగిలింది, ఆ గొడ్డళ్ళు పట్టినవాళ్ళ పేర్లు ఎక్కడా లేవు. కొన్ని సంగతులు వాళ్ళ చేతి గాట్లలో మాత్రమే ఉంటాయి. వాటిని బ్రష్షుతో తప్ప పొక్లెయిన్‌తో చదవలేం. ఈ ముక్క రాస్తుంటే నాకు మన మేస్త్రీలు గుర్తొస్తున్నారు. ఏ రిపోర్టులోనూ వాళ్ళ పేర్లుండవు.

అక్కడికే వస్తున్నాను.

మన విశాఖ రేవు కూడా పోసిన నేలే, తెలుసు కదా. 1933లో తెరిచారు. అంతకుముందు అది ఉప్పుటేరు, బురద, మడ చెట్లు. డ్రెడ్జర్లు తోడిన మట్టే ఆ చిత్తడిని నేల చేసింది. యారాడ కొండ మొన దగ్గర అలల్ని ఆపడానికి రెండు పాత ఓడల్ని కావాలనే ముంచారు. చిన్నప్పుడు మీ తాతయ్య కొండ వైపు చూపించి "అక్కడ ఓడలు పడుకున్నాయిరా" అంటే నేను నమ్మలేదు. శాన్‌ఫ్రాన్సిస్కోలో నిలబడ్డప్పుడు ఆ మాట గుర్తొచ్చింది.

నేను ఉద్యోగంలో చేరిన మూడో ఏడు. రేవుకి దగ్గర్లో ఒక గోదాము పని. పదహారడుగుల లోతున చెక్క తగిలింది. రెండు బారల పొడవు, అరచేయంత మందం, చివర చెక్కమేకులు. అప్పట్లో మాకు పొక్లెయిన్ లేదు, మనుషులే తవ్వేవారు. ముసలి మేస్త్రీ ఒకాయన, సముద్రం మీద పుట్టిపెరిగినవాడు, దాన్ని పొత్తిగుడ్డతో తుడిచి, మేకు మీద వేలు పెట్టి, "బాబూ, ఇది ఇంటి దూలం కాదు. పడవ చెక్క. చాలా పెద్ద పడవ. ఎవరినైనా పిలిపించండి" అన్నాడు. నేను గడియారం చూసుకున్నాను. కాంక్రీటు పోసే రోజు దగ్గరపడుతోంది. "పాత చెక్కకి ఎవరొస్తారు తాతా" అన్నాను. రిజిస్టర్లో "16 అడుగుల వద్ద కుళ్ళిన చెక్క" అని రాశాను. అది కుళ్ళలేదమ్మా. గొడ్డలి వేస్తే ఖంగున మోగింది. దాన్ని ముక్కలు చేసి, ఎండబెట్టి, సైటు క్యాంటీన్ పొయ్యిలో పెట్టారు. తారు వాసన వేసింది పొగ. ఆ పొయ్యి మీద కాచిన టీ గ్లాసు నా చేతికిచ్చారు, నేను తాగాను. మేస్త్రీ తాగలేదు. తలపాగా విదిలించుకుని గుంతలోకి దిగిపోయాడు.

ఏళ్ళు గడిచాక మ్యూజియంలో నయాంటిక్ ముక్క ముందు నిలబడ్డప్పుడు నా ముక్కుకి ఆ పొగ వాసన తగిలింది. మీ అత్తయ్య "ఏమైందండీ" అని చెయ్యి పట్టుకుంది. చెప్పలేకపోయాను. ఈ సంగతి నీకు తప్ప ఎవరికీ రాయలేదు.

ఆ చెక్క ఏ రేవులో కట్టిన పడవదో, ఏ సరుకు మోసిందో కనుక్కునే దారి ఆ గుంతలో ఉండింది. పొయ్యిలో పెట్టింది నేను. ఆ మేస్త్రీకి తెలిసినదంతా అడిగి రాసుకోవాల్సినదీ నేనే.

అందుకని నిన్ను కొన్ని అడుగుతున్నాను, ఆజ్ఞ అనుకోకు. సోమవారం సైటుకి వెళ్ళినప్పుడు ఆ పెద్దాయనకి ఒక కుర్చీ వేయించు. బే మీది గాలి ఎముకలు కొరుకుతుంది, కాఫీ నువ్వే తీసుకెళ్ళు. పనెంత ఆలస్యమవుతుందని అడక్కు, ఏం వెతుకుతున్నారని అడుగు. మొదటి రోజు విసుక్కుంటే రెండో రోజు అడుగు. ఆయన చూపించింది నీ బోర్ లాగ్ పక్కన నీ చేత్తో రాసుకో. పొక్లెయిన్ నడిపే మనిషితో మాట్లాడు. బకెట్ చివర బురద తగిలిందో, ఇసుక తగిలిందో, చెక్క తగిలిందో వాళ్ళకి చేతి వణుకులో తెలుస్తుంది, మన యంత్రాల కన్నా ముందు. ఆ మనిషికి ఏదో తేడాగా అనిపిస్తే ఆపే ధైర్యం నువ్వివ్వాలి. ఆపినందుకు తిడితే రెండోసారి ఆపడు. షెడ్యూలు వేసేటప్పుడే ఆ ఆగే రోజులు కలుపు. పైవాళ్ళకి ముందు చెప్పిన ఆలస్యం లెక్క, చెప్పకుండా వచ్చిన ఆలస్యం గొడవ. గుంతలోంచి ఒక్క మేకు కూడా గుర్తుగా జేబులో వేసుకోకు, ఎంత ముచ్చటేసినా. అది ఉన్నచోట ఉంటేనే మాట్లాడుతుంది.

కోపం వచ్చిన రోజున పని దిగాక క్లే, శాన్సమ్ మూలకి నడిచి వెళ్ళు. అక్కడ నయాంటిక్ పేరుతో ఒక పలక ఉంటుంది. జనం దాని ముందు నుంచి చూడకుండా పోతుంటారు. నువ్వు చదివి రా.

మొన్న ఫోన్‌లో నువ్వు ఒక మాట అని, వెంటనే వేరే సంగతిలోకి వెళ్ళిపోయావు. పన్నెండడుగుల దగ్గర సన్నటి నల్ల పొర ఒకటి వచ్చింది, కాంక్రీటు వాళ్ళు దాన్ని మరక అనుకున్నారని. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అది నూనె మరకా, బురదా, బూడిదా? వేళ్ళతో నలిపి చూడు, బూడిదైతే వేళ్ళకి మసి అంటుకుంటుంది, బంకలా సాగదు. గుంతకి నాలుగు వైపులా ఉందా, ఒక మూలనే ఉందా? పైన ఇసుక ఏ రంగు? ఆయన్ని పిలిచి చూపించి, మందం టేపుతో కొలిచి, ఆదివారం ఫోన్ చేసినప్పుడు అన్నిటికన్నా ముందు అదే చెప్పు.

ఇట్లు,
నీ మావయ్య